దీర్ఘం లేని స్వాగతం

కొత్త ఇంట్లో హాలు గోడ మీద ఏం పెట్టాలి? కొనుక్కొచ్చిన పెయింటింగా... ఊరి నుంచి తెచ్చిన పాత పటాలా? ఓ ఇంట్లో ఈ ప్రశ్న మూడు నెలలకు పైగా నలిగింది. జవాబు చివరికి అటక మీద దొరికింది.

గృహప్రవేశమై మూడు నెలలైంది. ఆ రోజు గుమ్మానికి కట్టిన మామిడాకులు ఎండి గలగలమంటున్నాయి. సోఫా వచ్చింది, కర్టెన్లు వచ్చాయి, గోడంత టీవీ వచ్చింది. సోఫా వెనకున్న గోడ మాత్రం తాపీమేస్త్రి వదిలి వెళ్లినట్టే ఉంది. పదకొండడుగుల పొడవు, లేత గోధుమ రంగు. ఒక్క మేకు లేదు.

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి దాటాక వరసగా లేచిన అపార్ట్‌మెంట్లలో వాళ్లది అయిదో అంతస్తు. ఇరవై ఏళ్లు వాయిదాలు కట్టాల్సిన గోడ కదా, దానికి కన్నం పెట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు. ఆవిడకేమో, ఖాళీ గోడ చూస్తే ఎవరింట్లోనో అద్దెకున్నట్టు అనిపించేది.

సలహాలకేం కొదవ? వచ్చినవాళ్లంతా కాఫీ తాగుతూ ఆ గోడ వంకే చూసేవారు. ఏడు గుర్రాలు పరుగెత్తే బొమ్మ పెట్టండి, కలిసొస్తుందన్నారు ఒకరు. గుర్రాల ముఖాలు గుమ్మం వైపు ఉండకూడదని ఇంకొకరు. జలపాతం బొమ్మ పెడితే డబ్బు ప్రవహిస్తుందని పక్క ఫ్లాట్ ఆవిడ చెప్పింది. లోపలికా బయటికా అన్నది మాత్రం చెప్పలేదు!

ఓ ఆదివారం భార్యాభర్తలిద్దరూ పాపని వెంటబెట్టుకుని పెద్ద షోరూముకి వెళ్లారు. అక్కడి కుర్రాడు మర్యాదగానే పలకరించాడు. అతను అడిగిన మొదటి ప్రశ్న, 'సోఫా ఏ కలర్ మేడమ్?' అని. ఆమె చెప్పింది. వెంటనే ఆ రంగుకి నప్పే బొమ్మలు అరడజను తీసి వరసగా పేర్చాడు. మూడు ముక్కలుగా ఉన్న ఓ చెట్టు బొమ్మ దగ్గర ఆమె ఆగింది. ఎక్కడో చూసినట్టుందే? అవును, పళ్ల డాక్టరు దగ్గర. ఆ తర్వాత చెల్లెలి ఇంట్లో కూడా. బొమ్మ బాగానే ఉంది. కానీ ఆ చెట్టు ఏ ఊరిదో, దాని కింద ఎవరు కూర్చుంటారో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? చెప్పడానికేమీ లేదు. ఉత్తచేతులతో ఇంటికొచ్చారు.

పంచెలో కట్టిన మూట

సంక్రాంతి వెళ్లాక అత్తగారు వచ్చారు. తెనాలి దగ్గర పల్లెలోని ఇంటిని అద్దెకిచ్చి, ఇక కొడుకు దగ్గరే ఉండిపోవడానికి. మామగారు పోయి ఆరేళ్లయింది. అన్నాళ్లూ ఒక్కరే ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉన్నారు. ఆమెతో పాటు రెండు పెట్టెలు, ఆవకాయ జాడీ, ఓ పెద్ద మూట దిగాయి. మూట మామగారి పాత పంచెతో కట్టింది. విప్పితే పద్నాలుగు పటాలు.

కొడుకు ఓసారి పటాల వంక, ఓసారి గోడ వంక చూశాడు. 'ఇవన్నీ ఇక్కడ పెడితే ఇల్లు పటాలు కట్టే కొట్టులా ఉంటుందమ్మా' అన్నాడు. తల్లి వాదించలేదు. 'సరేలే నాయనా, పైన పెట్టెయ్యి' అంది. మూట వంటింటి అటక ఎక్కింది.

మనసులో ఏముందో ఆమె చెప్పలేదుగానీ, కోడలికి వారం తిరక్కుండానే తెలిసింది. శుక్రవారం పొద్దున్నే స్నానం చేసి, తడి గుడ్డ చేత్తో పట్టుకుని హాల్లోకొచ్చి నిలబడ్డారు అత్తగారు. ఎదురుగా ఖాళీ గోడ. ఓ నిమిషం అలాగే ఉండి, ఆ గుడ్డతో టీవీ బల్ల తుడిచి వెళ్లిపోయారు. యాభై ఏళ్లుగా ప్రతి శుక్రవారం పటాలు తుడిచిన చెయ్యి అది. దానికి పని లేకుండా పోయింది.

గోడలు పుస్తకాలైన రోజులు

పాత ఇళ్లు గుర్తున్నవాళ్లకి ఆ పటాల వరస కూడా గుర్తుండే ఉంటుంది. వసారాలో, దూలాలకి కాస్త కింద, తల ఎత్తి చూడాల్సినంత ఎత్తులో ఉండేవి. పై అంచు ముందుకి వాలి ఉండేది. ఆ వాలుకి కారణం లేకపోలేదు. ఇంట్లోవాళ్లు కూర్చునేది నేల మీదా, మంచాల మీదా. కిందనుంచి చూసేవాళ్లకి బొమ్మ తిన్నగా కనపడాలి, అద్దం మీద వెలుగు మెరిసి కళ్లకి కొట్టకూడదు. పటానికీ గోడకీ మధ్య గాలి ఆడేది కాబట్టి వానాకాలం చెమ్మ కాగితానికి అంత తొందరగా పాకేది కాదు. ఆ సందులో పిచ్చుకలు గూడు కట్టుకునేవి. గుడ్లు పెట్టినన్నాళ్లూ ఆ పటం తుడవడానికి వీల్లేదు. అది ఇంటి చట్టం!

మధ్యతరగతి గోడ మీదకి దేవుళ్లు ఇంతమంది ఎలా వచ్చారన్నదీ ఆసక్తికరమే. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టించారు. అది రాతి పలకల మీద బొమ్మ గీసి అచ్చు తీసే పద్ధతి. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. రాజులు, జమీందార్లు వేయించుకునే తైలవర్ణచిత్రాల్లోని లక్ష్మి, సరస్వతి అలా కాగితాల మీదకొచ్చి, మామూలు మనుషుల ఇళ్లకు చేరారు. ఆ అచ్చు బొమ్మలకి ఆడవాళ్లు చమ్కీలు, జరీ ముక్కలు అంటించి అమ్మవారికి నిజంగా చీర కట్టినట్టు ముస్తాబు చేసేవారు. తర్వాత శివకాశి క్యాలెండర్లొచ్చాయి. ఏడాది గడిచాక తేదీల కాగితం చించేసి, కొట్టువాళ్ల పేరున్న అంచు కత్తిరించి, పైనున్న దేవుణ్ని పటం కట్టించేవారు. పైసా ఖర్చు లేకుండా వచ్చిన బొమ్మకి ఫ్రేము కోసం మాత్రం ఖర్చుపెట్టేవారు.

దేవుళ్ల తర్వాత వరస దేశనాయకులది. ఆ తర్వాత ఇంటి పెద్దలు, బడి గ్రూపు ఫొటోలు, తిరుపతి వెళ్లినప్పుడు స్టూడియోలో గుండ్లతో తీయించుకున్న ఫొటో. కొత్తగా ఇంటికొచ్చిన చుట్టం గోడ వెంట ఓసారి నడిస్తే చాలు... ఈ ఇంటివాళ్లు ఎవరిని కొలుస్తారు, ఎవరిని గౌరవిస్తారు, ఎక్కడ చదువుకున్నారు, ఎవరిని పోగొట్టుకున్నారు అన్నీ తెలిసిపోయేవి. సోఫా రంగుతో దానికి పనిలేదు. ఆ మాటకొస్తే సోఫాయే లేదు!

అటక దిగిన పద్నాలుగు

ఆ శుక్రవారం తర్వాత వచ్చిన ఆదివారం కోడలు స్టూలెక్కి మూట దించింది. 'అత్తయ్యా, దుమ్ము దులుపుదాం, రండి' అంది. ఇద్దరూ నేల మీద దుప్పటి పరిచి కూర్చున్నారు. తొమ్మిదేళ్ల పాప మధ్యలో చేరింది.

మొదట వచ్చింది రవివర్మ లక్ష్మీదేవి. చీర అంచుకి చమ్కీలున్నాయి. 'ఇవి మా అత్తగారు అంటించినవి. ఒకటి ఊడితే ఇల్లంతా వెతికించేది' అన్నారు పెద్దావిడ. తర్వాత శ్రీరామ పట్టాభిషేకం, క్యాలెండరు వెంకటేశ్వరస్వామి. గాంధీ గారు, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. మామగారు తెలుగు మాస్టారు మరి, రాధాకృష్ణన్ గారి పటం లేకుండా ఎలా? బడి గ్రూపు ఫొటోలు మూడు.

ఆ తర్వాత చేతికొచ్చిన పటం చూసి కోడలు ఆగింది. యువ పత్రికలోంచి కత్తిరించిన వడ్డాది పాపయ్య బొమ్మ. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన ఆయన 'వపా' సంతకంతో చందమామకీ యువకీ వేసిన బొమ్మలు కొన్ని వేల ఇళ్లలో ఇలాగే కత్తెరకి లోబడ్డాయి. 'పుస్తకం పాడు చేశానని మీ మామయ్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే తెనాలి పట్టుకెళ్లి పటం కట్టించుకొచ్చారు' అని అత్తగారు నవ్వారు. ఆమె అంత గట్టిగా నవ్వడం ఈ ఇంట్లో అదే మొదటిసారి.

నల్లటి నేపథ్యం మీద బంగారు రంగులో మెరిసే నిర్మల్ పెయింటింగ్ ఒకటి, చెక్క మీద వేసింది. మాస్టారి రిటైర్మెంటుకి తోటి టీచర్లు చందాలేసుకుని ఇచ్చింది. తిరుపతి స్టూడియో ఫొటో. 1970 నాటి పెళ్లి ఫొటో. గంధపు దండ వేసిన మామగారి పెద్ద ఫొటో.

పెళ్లి ఫొటో చూడగానే కోడలి గుండె గుభేలుమంది. చెమ్మకి కాగితం ఓ మూల అద్దానికి అతుక్కుపోయింది. వెనక చెక్క తీసి లాగబోతే పెద్దావిడ చెయ్యి పట్టుకున్నారు. ఆపడమే మంచిదైంది. పాత ఫొటోల పైపొర జిలాటిన్‌తో చేసింది. చెమ్మ తగిలితే మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది. లాగితే కాగితం చేతికొచ్చి ముఖాలు అద్దం మీద ఉండిపోతాయి. వీధి చివర ఫొటో స్టూడియో అతనూ అదే మాటన్నాడు. అద్దంతో సహా స్కాన్ చేసి, మచ్చలు సరిచేసి కొత్త ప్రింటు తీసిచ్చాడు. అసలు ఫొటోని అద్దంతోనే కాగితంలో చుట్టి బీరువాలో పెట్టేశారు. గోడ ఎక్కేది నకలు. ఎండకి వెలిసినా మళ్లీ తీయించుకోవచ్చు.

మూట అడుగున ఇంకో పటం ఉంది. అన్నిటికన్నా చిన్నది.

చిలక

మ్యాటీ గుడ్డ మీద క్రాస్ కుట్టు. జామకొమ్మ మీద పచ్చటి చిలక. ఒక కన్ను కాస్త పెద్దది. కింద ఎర్రదారంతో 'సుస్వగతం' అని ఉంది.

'సుస్వాగతం కదా నాయనమ్మా? దీర్ఘం ఏదీ?' అని పాప వెంటనే పట్టేసింది. తాతగారి పోలిక!

అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. పదిహేడో ఏట, పెళ్లికి ముందు సంవత్సరం కుట్టింది. ఊళ్లో వాళ్ల ఇంటికి అప్పటికింకా కరెంటు లేదు. లాంతరు దగ్గర కుట్టడం వల్ల కన్ను అలా వచ్చింది. అక్షరాలన్నీ అయ్యాక దీర్ఘం ఒక్కటి మిగిలింది, ఎర్రదారం లచ్చీ అయిపోయింది. తెనాలి వెళ్లినప్పుడు తెస్తానన్న నాన్న మరిచిపోయాడు. ఈలోగా పెళ్లి కుదిరింది. సారెతో పాటు చిలకా అత్తారింటికి వచ్చింది.

'మరి హాల్లో ఎందుకు పెట్టలేదత్తయ్యా? నేనెప్పుడూ చూడలేదే' అంది కోడలు.

'తెలుగు మాస్టారి ఇంట్లో తప్పున్న అక్షరాలు గుమ్మంలోనే కనపడితే నవ్విపోతారన్నారు మీ మామయ్య. అదీ నిజమే కదా. లోపలి గదిలో బియ్యం డ్రమ్ము పైన పెట్టుకున్నా' అన్నారు. కోపంగా కాదు, నిష్ఠూరంగానూ కాదు. వానొచ్చిందనో, కరెంటు పోయిందనో చెప్పినంత మామూలుగా.

యాభై ఏళ్లకు పైగా ఆ చిలక బియ్యం డ్రమ్ము పైనే ఉంది. ఆ ఇంటి వసారాలో ఇరవై పటాలున్న రోజుల్లోనూ వాటిలో ఆమె చేత్తో చేసింది ఒక్కటీ లేదు. ప్రతి శుక్రవారం తుడిచేది మాత్రం ఆమే.

కోడలు ఆ పటాన్ని పక్కన పెట్టింది. 'ఇది హాల్లోకి' అంది.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చూశాడు. 'అక్షరం తప్పుంది. వచ్చినవాళ్లు చదువుతారు, హాల్లో బాగోదు' అన్నాడు. తల్లి పకపకా నవ్వింది. 'అచ్చం మీ నాన్న మాటే!' అంది. ఆయనకి ముందు అర్థం కాలేదు. భార్య చెప్పాక మారుమాట్లాడకుండా డ్రిల్లింగ్ మిషన్ కోసం పక్క ఫ్లాట్‌కి వెళ్లాడు.

దండ లేని ఫొటో

అయినా ఒక విషయం దగ్గర ఆయన పట్టుబట్టాడు. నాన్న ఫొటో హాలు మధ్యలో ఉండాలి, అందరికన్నా పెద్దగా. ఈసారి కాదన్నది తల్లే.

'దండేసిన ఫొటో ఎదురుగా ఉంటే రోజూ అన్నం ఎలా సయిస్తుందిరా? చూసిన ప్రతిసారీ ఆయన పోయిన రోజే గుర్తొస్తుంది. ఇన్నేళ్లు బతికిన మనిషి, ఆ ఒక్క రోజే గుర్తుండాలా? నవ్వుతున్న ఫొటో ఏదైనా ఉంటే పెట్టు' అంది.

వెతికితే ఆల్బముల్లో ఒక్కటీ లేదు. ఫొటో అంటే మాస్టారు బిగుసుకుపోయేవారట. చివరికి ఓ పాత ఫోనులో దొరికింది. మూడేళ్ల పాప తాతగారి కళ్లజోడు పెట్టుకుని పెద్దమనిషిలా చూస్తోంది. పక్కన ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. స్టూడియో అతను ముందే హెచ్చరించాడు... పాత ఫోను ఫొటో, పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా విడిపోతుందని. ఎనిమిదంగుళాలు, ఆరంగుళాలు చాలన్నారు. దండేసిన పెద్ద ఫొటో తల్లి గదిలోకి వెళ్లింది. అక్కడ దాని ముందు ఆమె ఒక్కతే కూర్చోగలదు.

కొన్నది ఒకే ఒక్కటి

గోడ మీద తమ కాలానిదీ ఒకటి ఉండాలని కోడలి కోరిక. మొదట ఆమె మనసు శ్రీకాళహస్తి కలంకారీ మీదకి పోయింది. నూలుగుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, కొసకి గుడ్డ చుట్టిన వెదురు కలంతో చేత్తో గీసే బొమ్మ అది. నల్లరంగు ఇనుప ముక్కలూ బెల్లమూ కలిపి పులియబెడితే వస్తుంది. పటిక పూసినచోట ఎరుపు నిలుస్తుంది. ఒక్క బొమ్మని ఎన్నిసార్లు ఉతికి ఎన్నిసార్లు ఆరబెడతారో! ఈ కళకే జీవితం ధారపోసిన జొన్నలగడ్డ గురప్పచెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. చేత్తో గీసిందో, అచ్చు కొట్టిందో పోల్చుకోవడం మరీ కష్టం కాదు. చేతి గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. ఒకే బొమ్మలో రెండు ఆకులు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించాల్సిందే.

కానీ వాళ్ల హాలుకి పడమటి కిటికీ ఉంది. మధ్యాహ్నం మూడింటికి మొదలైన ఎండ సాయంత్రం దాకా ఆ గోడ మీదే. ఆకులూ వేళ్లతో చేసిన రంగులు నేరుగా ఎండ పడితే వెలిసిపోతాయి. అంత కష్టపడి వేసినదాన్ని తెచ్చి ఎండబెట్టడం దేనికని ఆ ఆలోచన మానుకుంది.

ఎండ పడని చోటు ఆ గోడకి కుడిచివరన మూడడుగులే ఉంది. దానికి సరిపడేది పాప ఎంచింది. హస్తకళల మేళాలో ఎర్రటి నేపథ్యం మీద కల్లుకుండతో తాటిచెట్టు దిగుతున్న మనిషి, కింద గంప నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి ఉన్న చిన్న చేర్యాల బొమ్మ దగ్గర ఆగిపోయింది. 'ఈవిడ ఎక్కడికెళ్తోంది?' అని అడిగింది.

ఆ బొమ్మ ముందు అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అదే. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ కళాకారులు ఈ బొమ్మల్ని గోడకి తగిలించడానికి మొదలుపెట్టలేదు. ఖాదీ గుడ్డకి గంజి, సుద్దమట్టి, బంక, ఉడికించిన చింతగింజల పిండి కలిపి పూత మీద పూత వేసి, పొడుగాటి పటం మీద ఒక కులం పురాణమంతా వరసగా గీసేవారు. ఆ పటాన్ని కథలు చెప్పేవాళ్లు ఊరూరా తీసుకెళ్లేవారు. పద్మశాలీల దగ్గర మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగల దగ్గర జాంబపురాణం చెప్పే డక్కలివారు... ఎవరి పటం వాళ్లది, ఎవరి కథ వాళ్లది. రాత్రంతా పాడుతూ, ఒక్కో అంకం విప్పుతూ, కర్రతో చూపిస్తూ చెప్పేవారు. కథ చెప్పే మనిషి లేకపోతే ఆ పటం చుట్టేసిన గుడ్డే. వినేవాళ్లు తగ్గాక ఆ పటాలు చిన్నవై, ముసుగుబొమ్మలై, మన హాళ్లలోకొచ్చాయి.

గంజి, చింతగింజల పూత కాబట్టి చెమ్మకీ పురుగుకీ ఆ బొమ్మని దూరంగా ఉంచమని అమ్మినాయన చెప్పాడు. అందుకే అద్దం బొమ్మని తాకకుండా చుట్టూ మందపాటి అట్ట అంచు వేయించి ఫ్రేము కట్టించారు.

గోడ మీద దినపత్రికలు

మేకులు కొట్టే ముందు వాళ్లు చేసిన పని ఒకటి ఎవరైనా చేసి చూడొచ్చు. పాత దినపత్రికల్ని ఒక్కో పటం సైజుకి కత్తిరించారు. ఏది ఎవరిదో మధ్యలో స్కెచ్ పెన్నుతో రాశారు. పెయింటు ఊడకుండా కాగితపు టేపుతో గోడకి అంటించి రెండు రోజులు అలాగే వదిలేశారు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూస్తుంటే ఏది ఎత్తుగా ఉందో, ఏది పక్కకి పోయిందో అదే తెలిసింది. కాగితం జరపడానికి ఖర్చు లేదు, కన్నం జరపలేం కదా!

సాధారణంగా బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడ్డవాళ్ల చూపుకి సరిపోతుంది. సోఫా వెనకైతే వీపు ఆనే అంచుకి 15 నుంచి 20 సెంటీమీటర్ల పైన మొదలుపెడితే విడిపోయినట్టు ఉండదు, తలా తగలదు. అన్నీ కలిపి సోఫా పొడవులో మూడింట రెండు వంతులకి మించకపోతే నిండుగా ఉంటుంది. పటానికీ పటానికీ మధ్య నాలుగువేళ్ల వెడల్పు చాలు. స్విచ్‌బోర్డుకి నేరుగా పైనా కిందా డ్రిల్ చేయకూడదు, లోపల వైర్లుంటాయి. బాత్రూము అవతల ఉన్న గోడకి కాగితం బొమ్మలు పెట్టకూడదు, చెమ్మ ఊరుతుంది. బరువైన ఫ్రేములకి మేకు కాకుండా, కన్నంలో ప్లాస్టిక్ ప్లగ్గు దించి స్క్రూ బిగించుకోవాలి.

ఈ లెక్కలన్నీ పాటించారు, ఒక్కదాంట్లో తప్ప. చిలకనీ, తాతగారు నవ్వే ఫొటోనీ ఆ వరసలోంచి తప్పించి అడుగున్నర కిందకి, కిటికీ పక్కనున్న వాలుకుర్చీకి ఎదురుగా పెట్టారు. ఎండ నేరుగా తగలని మూల అది. సాయంత్రాలు అత్తగారు కూర్చునేది అక్కడే. నిలబడి చూసేవాళ్లకి కాస్త వంగినట్టు అనిపిస్తుంది. వంగితే ఏం?

మిగిలినవీ తమ తమ చోట్లు వెతుక్కున్నాయి. దేవుళ్లు ముగ్గురూ పూజగదిలోకి, గాంధీ గారూ రాధాకృష్ణన్ గారూ పాప చదువుకునే బల్ల పైకి, నిర్మల్ పెయింటింగ్ భోజనాల బల్ల దగ్గరికి. గ్రూపు ఫొటోల్లో ఒకటి ఉంచుకుని, రెండింటిని మాస్టారు పనిచేసిన బడికి పంపేశారు. ఈ ఇంట్లో వాటిలోని పిల్లల పేర్లు చెప్పగలిగేవాళ్లు లేరు, ఆ ఊళ్లో ఉన్నారు. హాలు గోడ మీద చివరికి నిలిచినవి ఏడు. ప్రతిదానికీ ఇంట్లో కథ చెప్పే మనిషి ఉన్నారు.

ఎర్రదారం

మేకులు కొట్టడానికి ముందు రోజు కోడలు బజారు నుంచి ఎర్రదారం లచ్చీ ఒకటి తెచ్చింది. 'ఆ దీర్ఘం ఇప్పుడు కుట్టేద్దామా అత్తయ్యా? ఎంతసేపు?' అంది.

పెద్దావిడ లచ్చీ చేతిలోకి తీసుకున్నారు. చిలక పక్కన పెట్టి, కిటికీ వెలుగులోకి తిప్పి చూశారు.

'వద్దులే అమ్మాయ్. రంగు కలవదు. పాతది వెలిసిపోయింది, ఇది ఒక్కటే ఎర్రగా కనపడుతుంది' అని తిరిగిచ్చేశారు. కాస్త ఆగి, 'దారం పారెయ్యకు. పాపకి కుట్టు నేర్పిస్తా' అన్నారు.

మొన్నామధ్య జలపాతం సలహా ఇచ్చిన పక్క ఫ్లాట్ ఆవిడ వచ్చింది. కాఫీ గ్లాసు పట్టుకుని గోడ వెంట నడుస్తూ చిలక దగ్గర వంగి చదివింది. 'అయ్యో, ఇదేంటి... దీర్ఘం మరిచిపోయారే?' అంది.

వాలుకుర్చీలోంచి అత్తగారు ఏదో చెప్పబోయారు. ఈలోగా పాప పరుగెత్తుకొచ్చింది. 'మరిచిపోలేదాంటీ, దారం అయిపోయింది' అని మొదలుపెట్టింది. లాంతరు, ఎర్రదారం, మరిచిపోయిన ముత్తాత, బియ్యం డ్రమ్ము... ఒక్కటీ వదల్లేదు. పక్కింటావిడ కాఫీ చల్లారిపోయింది. కుర్చీలో కూర్చున్న పెద్దావిడ చివరిదాకా విని, ఒకే ఒక్క సవరణ చెప్పారు.

'జామకొమ్మ సంగతి చెప్పలేదే. అది మా దొడ్లో చెట్టు.'